అందరికీ ఉంది, నాకే లేదు

పిల్లలు, ఫోన్లు అన్న మాట ఎక్కడ మొదలైనా కాసేపటికి ఎవరో ఒకరు అడుగుతారు: "అదంతా సరే, ఇంతకీ ఏ వయసులో కొనివ్వమంటారు?" అడిగినవాళ్లకు కావలసింది ఒక అంకె. టీకాలకు వయసుంది, బడికి వయసుంది, బండి లైసెన్సుకూ ఓటుకూ పెళ్లికీ వయసుంది. టచ్ ఫోన్‌కు మాత్రం ఎందుకుండదు?

నిజానికి ఒక అంకె ఇప్పటికే చలామణీలో ఉంది. ఇన్‌స్టాగ్రామ్ దగ్గర్నుంచి చాలా యాప్‌లు పదమూడేళ్లు నిండాయా అని అడుగుతాయి. పిల్లల వైద్యులెవరో కూర్చుని తేల్చిన వయసు కాబోలు అనుకుంటాం. కాదు. పదమూడేళ్ల లోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 1998లో అమెరికా ఒక చట్టం చేసింది. ఆ అనుమతుల తలనొప్పి ఎందుకని కంపెనీలు పదమూడు దగ్గర గీత గీసుకున్నాయి. ముసాయిదాలో మొదట ఉన్నది పదహారు, బేరసారాల్లో పదమూడుకు దిగింది. అప్పటికి ఫేస్‌బుక్ పుట్టలేదు, ఐఫోన్ రావడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. పిల్లల మెదడుకూ ఆ అంకెకూ ఏ సంబంధమూ లేదు. 2023లో మన దేశం చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిది లోపు వాళ్లందర్నీ పిల్లలే అంటుంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి సోషల్ మీడియా ఖాతాలకు పదహారు అంటోంది. మూడు దేశాలు, మూడు అంకెలు.

కాబట్టి "ఏ వయసులో" అన్నది కాసేపు పక్కన పెడదాం. ఆలస్యం చేస్తే పిల్లలకు ఏం దక్కుతుంది, ఆలస్యం చేయడం ఇంత కష్టం ఎందుకవుతోంది అని అడిగితే శాస్త్రం దగ్గర చెప్పడానికి కాస్త సరుకుంది.

గాలం వేసిందెవరు?

చెరువు గట్టు మీద గాలం వేసి కూర్చున్నవాణ్ణి గమనించండి. పావుగంటకొక చేప ఖాయంగా పడుతుందని తెలిస్తే మధ్యలో లేచి టీ తాగొస్తాడు. పొద్దంతా కూర్చున్నా ఒక్కటీ పడదని తెలిస్తే ఇంటికే పోతాడు. పడటం మాత్రం పడుతుంది, ఎప్పుడన్నదే తెలియదు. అతన్ని గట్టు మీద కట్టేసేది ఆ తెలియకపోవడమే. బెండు కాస్త ఊగితే చాలు, ఒళ్లంతా కళ్లు చేసుకుంటాడు. పక్కన కూర్చున్నవాడు మాట్లాడుతున్నా వినిపించదు.

అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఈ సంగతిని పావురాల మీద పరీక్షించి చూశాడు. ఒక పలకను ముక్కుతో పొడిస్తే గింజలు పడే పెట్టె అది. పొడిచినప్పుడల్లా గింజ పడితే పావురం ఆకలి తీరేదాకా పొడిచి ఊరుకుంటుంది. ఎన్ని పొడుపులకు ఒకసారి పడుతుందో అంతు చిక్కకుండా చేస్తే ఎడతెగకుండా పొడుస్తూనే ఉంటుంది. గింజలు పూర్తిగా ఆపేశాక కూడా చాలాసేపు మానదు. చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో వేసిన లావుపాటి పుస్తకంలో స్కిన్నర్ ఈ లెక్కలన్నీ ఇచ్చాడు. ఎప్పుడు పడుతుందో తెలియని ఆ గింజను మనం అంతుచిక్కని బహుమతి అందాం.

ఫోన్‌లో ఆ బహుమతి ఎక్కడుందో వెతకనక్కర్లేదు. తెరను కిందికి లాగి వదిలితే ఒకసారి ఏమీ ఉండదు, ఒకసారి స్నేహితురాలి ఫోటో ఉంటుంది, ఒకసారి మన ఫోటోకు ఇరవై లైకులుంటాయి. పుస్తకానికి చివరి పేజీ ఉంది, టీవీ సీరియల్‌కు "రేపు చూడండి" ఉంది. ఇక్కడ అలాంటి ఆగే చోటు కూడా లేదు. పేజీ చివర రాకుండా కింద కొత్త సరుకు చేరుతూనే ఉండే ఏర్పాటును అజా రాస్కిన్ అనే ఇంజనీరు 2006లో తయారుచేశాడు. తర్వాత తానే ఎందుకు చేశానా అని బహిరంగంగా బాధపడ్డాడు.

ఈ గాలానికి పెద్దవాళ్లం కూడా బాగానే చిక్కుకుంటున్నాం. మరి పిల్లల దగ్గర తేడా ఏమిటి? లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లారెన్ షెర్మన్ బృందం 2016లో ప్రచురించిన ప్రయోగం దగ్గర కాసేపు ఆగాలి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు 32 మందిని పిలిచి, ఇన్‌స్టాగ్రామ్‌లో మీరు పెట్టే ఫోటోలు కొన్ని తెమ్మన్నారు. మీ ఈడు పిల్లలు ఓ యాభై మంది ఈ ఫోటోలు చూసి లైకులు కొట్టారని చెప్పారు. ఆ మాట అబద్ధం, లైకుల అంకెలు పరిశోధకులే వేశారు. ఒక్కొక్కరినీ మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి ఓ పన్నెండు నిమిషాలపాటు ఫోటోలు చూపించారు. తన ఫోటో కింద పెద్ద అంకె కనబడగానే ఆ పిల్లల మెదడు లోతుల్లో ఒక చిన్న భాగం చురుగ్గా వెలిగింది. తీపి తిన్నప్పుడు, డబ్బు గెలిచినప్పుడు వెలిగేదీ అదే.

రెండో ఫలితం ఇంకా ఆసక్తికరం. మిగతా ఫోటోల్లో ఒకే ఫోటోను సగం మందికి ఎక్కువ లైకులతో, సగం మందికి తక్కువ లైకులతో చూపించారు. ఎక్కువ లైకులున్న ఫోటోకే పిల్లలూ ఎక్కువగా లైకు కొట్టారు. ఫోటో అదే, మారింది పక్కనున్న అంకె. సిగరెట్టు, మందు లాంటివి ఉన్న ఫోటోలు చూస్తున్నప్పుడైతే, ఆగి ఆలోచించుకునే పనిచేసే మెదడు ప్రాంతాల్లో చురుకుదనం తగ్గింది కూడా.

యుక్తవయసు మెదడు గురించి ఈ ప్రయోగానికి ముందే తెలిసినదానికి ఇది సరిపోతుంది. బహుమతికి ఉలిక్కిపడే భాగాలు పదకొండు, పన్నెండేళ్లకే జోరు అందుకుంటాయి. నుదుటి వెనకున్న ముందు భాగం, అంటే "ఇప్పుడు చాల్లే" అని చెప్పవలసిన భాగం, పూర్తిగా కుదురుకునేసరికి ఇరవై దాటి మరికొన్నేళ్లు పడుతుంది. నలుగురిలో నా స్థానం ఏమిటి అన్న ఆరాటం ఎక్కువగా ఉండేది ఈ రెంటికీ మధ్య ఏళ్లలోనే. ఇది లోపం కాదు. ఇల్లు దాటి లోకంలో తన మనుషుల్ని వెతుక్కోవలసిన వయసుకు ఆ ఆరాటం కావాలి. ఫోన్ ఆ ఆరాటాన్ని పుట్టించదు, దానికి లెక్క కట్టి అంకె రూపంలో చేతికిస్తుంది.

దుప్పటి కింది వెలుతురు

పన్నెండు దాటిన పిల్లల్ని పొద్దున్నే లేపడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. కారణం మాత్రం బద్ధకం ఖాతాలో రాస్తారు. ఈడొచ్చే దశలో ఒంట్లోని గడియారమే వెనక్కి జరుగుతుంది. చీకటి పడ్డాక నిద్రకు సన్నాహం చేసే మెలటోనిన్ అనే రసం, చిన్నప్పటి కంటే గంటా రెండు గంటలు ఆలస్యంగా ఊరుతుంది. నిద్ర అవసరం మాత్రం అంతగా తగ్గదు. అమెరికా నిద్ర వైద్యుల సంఘం లెక్క ప్రకారం ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటినవాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. స్కూలు బస్సు ఏడింటికే వస్తుంది. ట్యూషన్ అయితే ఇంకా ముందే. అంటే ఫోన్ రాకముందే ఈ పిల్లలు నిద్రకు బాకీ పడి ఉన్నారు.

ఇక్కడ నీలి కాంతి గురించి ఒక మాట. దాన్ని ఆపే కళ్లద్దాలు కొని నిశ్చింతగా ఉన్న తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. 2015లో బోస్టన్‌లో 12 మంది పెద్దవాళ్ల మీద చేసిన పేరున్న ప్రయోగంలో, పడుకునే ముందు నాలుగు గంటలపాటు వెలిగే తెర మీద చదివినవాళ్లకు కాగితం పుస్తకం చదివినవాళ్ల కంటే నిద్ర పట్టడం ఆలస్యమైంది. ఎంత? సుమారు పది నిమిషాలు. తేడా నిజమే, కానీ కళ్లద్దాల వ్యాపారం నడిపేంత పెద్దది కాదని నా అభిప్రాయం.

నిద్ర తినేది కాంతి కాదు, తెర లోపలి జనం. రాత్రి పదకొండింటికి ఎనిమిదో తరగతి వాట్సాప్ గ్రూపును ఊహించుకోండి. ఒకరు రేపటి సైన్స్ నోట్సు ఫోటో అడుగుతారు. ముగ్గురు పెడతారు, అందులో ఒకటి తలకిందులుగా ఉంటుంది. దాని మీద నవ్వులు. ఎవరో గుడ్‌నైట్ స్టిక్కర్ పెడితే దానికి పది జవాబులు. మధ్యలో ఒకమ్మాయి మాటకు మాత్రం ఎవరూ బదులివ్వరు. రెండు నీలి గీతలు పడ్డాయి, అందరూ చూశారు. ఆ అమ్మాయి ఇప్పుడు నిద్రపోదు. ఫోన్ పక్కన పెట్టినా నిద్రపోదు.

లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2016లో ఇరవై అధ్యయనాలను కలిపి, సుమారు లక్షా పాతిక వేల మంది పిల్లల సమాచారాన్ని పరిశీలించారు. పడుకునే వేళ ఫోను, ట్యాబ్ వాడే పిల్లలకు నిద్ర చాలడం లేదని తేలింది. అది ఊహించిందే. గదిలో అందుబాటులో ఉండి వాడని పిల్లల్లో కూడా నిద్ర దెబ్బతింటోందని తేలడం మాత్రం ఆలోచించవలసిన విషయం.

ఫోన్ చేసే చేటు అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఇలాంటిదే: అది ఏం చేసిందన్న దానికంటే, ఏ గంటలు తీసేసుకుందన్నది ముఖ్యం. హ్రస్వదృష్టి సంగతే చూడండి. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడులను తీసుకుని, సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్లయ్యాక మామూలు బడుల్లో నూటికి సుమారు 40 మందికి కొత్తగా హ్రస్వదృష్టి వస్తే, బయట తిరిగిన పిల్లల్లో 30 మందికే వచ్చింది. పగటి వెలుతురులో గడిపిన ఆ నలభై నిమిషాలే తేడా తెచ్చాయి.

లెక్కల్లో తగువు

ఇంతవరకూ చదివి, అయితే ఫోన్ ఆలస్యంగా ఇచ్చిన పిల్లలు హాయిగా ఉంటారని రుజువైనట్టేనా అంటే, అంత తేలిగ్గా లేదు. శాస్త్రవేత్తలు ఈ విషయంలో గట్టిగానే పోట్లాడుకుంటున్నారు.

ఒకవైపు 2024లో మనస్తత్వవేత్త జొనాథన్ హైట్ రాసిన పుస్తకం 'ది యాంక్షస్ జెనరేషన్' ఉంది. హైస్కూలు దాకా స్మార్ట్‌ఫోన్ వద్దు, పదహారు దాకా సోషల్ మీడియా వద్దు అన్నది అందులో సారాంశం. 41 దేశాల్లో 18 నుంచి 24 ఏళ్ల వాళ్లు దాదాపు 28,000 మందిని సేపియన్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ అడిగితే, ఎంత చిన్న వయసులో ఫోన్ చేతికొస్తే పెద్దయ్యాక మానసిక స్థితి అంత బాగాలేదని తేలింది. ఆడపిల్లల్లో తేడా ఇంకా ఎక్కువ.

మరోవైపు చూడండి. మనస్తత్వ పరిశోధకులు ఎమీ ఓర్బెన్, ఆండ్రూ ప్రిజ్‌బిల్‌స్కీ 2019లో మూడున్నర లక్షల మందికి పైగా యుక్తవయసు పిల్లల సమాచారం జల్లెడ పట్టారు. పిల్లల మానసిక క్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ సాధనాల వాడకంతో ముడిపడినది నూటికి 0.4 మాత్రమే. బంగాళాదుంపలు తరచు తినడంతో వచ్చే ముడి కూడా ఇంచుమించు అంతే ఉందని వాళ్లే చూపించారు. కాలిఫోర్నియాలో తక్కువ ఆదాయం గల లాటినో కుటుంబాల పిల్లలు 250 మందికి పైగా ఉన్న బృందాన్ని స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఐదేళ్లు వెంటాడి చూసి, మొదటి ఫోన్ వచ్చిన వయసుకూ మార్కులకూ నిద్రకూ దిగులుకూ పొంతన కనబడలేదని 2022లో చెప్పారు.

ఎవరిని నమ్మాలి? సేపియన్ లాంటి సర్వేతో చిక్కేమిటంటే, ఆరేళ్లకే ఫోన్ దొరికిన పిల్లవాడి ఇల్లు చాలా రకాలుగా వేరే ఇల్లు అయి ఉండొచ్చు. పట్టించుకునే తీరిక లేని ఇంట్లో ఫోన్ తొందరగా రావచ్చు, దిగులు కూడా అక్కడే పుట్టొచ్చు. రెండూ పక్కపక్కన కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. 0.4 లాంటి సగటుతో చిక్కు వేరు. స్నేహితులతో కబుర్లు చెప్పుకుని బాగుపడిన పదిమందినీ, రాత్రంతా మేలుకుని కుంగిపోయిన ఒకరినీ కలిపి సగటు తీస్తే ఆ ఒకరు మాయమవుతారు.

ఆ చిక్కు పట్టుకునే ఓర్బెన్ బృందం 2022లో వయసుల వారీగా విడదీసి చూసింది. బ్రిటన్ సమాచారం అది. సోషల్ మీడియా వాడకం పెరిగితే ఏడాది తర్వాత జీవితం మీద తృప్తి తగ్గడం ఆడపిల్లల్లో 11 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 14, 15 ఏళ్ల దగ్గర స్పష్టంగా కనబడింది. ఈడొచ్చే కాలం ఆడపిల్లలకు ముందు, మగపిల్లలకు వెనక అన్నది తెలిసిందే, ఈ తేడాకు అదొక కారణం కావచ్చు. మూడో వయసు ఒకటి కూడా బయటపడింది, దాని దగ్గరకు చివర్లో వస్తాను. చాలా ఇళ్లల్లో మొదటి ఫోన్ ఆరు, ఏడు తరగతుల దగ్గర చేతికొస్తుందని గుర్తుంటే, రెండేళ్లు ఆగడం ఉబుసుపోక మాట కాదని తెలుస్తుంది. నా మట్టుకు నేను ఓర్బెన్ పక్షాన ఉండి కూడా హైట్ సలహానే పాటించమంటాను. సాక్ష్యం బలహీనంగా ఉన్నచోట, ఆగితే పోయేది తక్కువ.

ఒక ఊరు కలిసి ఆగింది

ఆగడంలో అసలు కష్టం పిల్లవాడి మంకుపట్టు కాదు. "అందరికీ ఉంది, నాకే లేదు" అన్న మాట చాలాసార్లు నిజం కావడం. క్లాసు ఊసులన్నీ గ్రూపులోకి వెళ్లిపోయాక ఫోన్ లేని పిల్ల ఒంటరిదవుతుంది. ఆ అమ్మాయి ఒక్కదానికే ఫోన్ ఆపడమంటే సోషల్ మీడియా ఆపడం మాత్రమే కాదు, స్నేహాలు కూడా ఆపడమే.

షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త లియొనార్డో బర్‌జ్‌టిన్ బృందం దీన్ని డబ్బులతో కొలిచింది. అమెరికా కాలేజీ విద్యార్థులు వెయ్యిమందికి పైగా పాల్గొన్నారు. నాలుగు వారాలు నీ టిక్‌టాక్ ఖాతా మూసెయ్యడానికి ఎంతిస్తే ఒప్పుకుంటావని అడిగితే సగటున 59 డాలర్లు అన్నారు. ఇన్‌స్టాగ్రామ్‌కు 47. సరే, నీతోపాటు నీ కాలేజీలో అందరి ఖాతాలూ మూసేస్తే? ఇప్పుడు డబ్బు తీసుకోవడం పోయి, అలా జరిగితే టిక్‌టాక్‌కు 28, ఇన్‌స్టాగ్రామ్‌కు 10 డాలర్లు తామే ఎదురిస్తామన్నారు. ఉండటం ఇష్టం లేదు, ఒక్కరే బయటికి పోవడమూ ఇష్టం లేదు. ఇలా ఇరుక్కున్నవాళ్లకు "నీకు మనోబలం లేదు" అని చెప్పి ప్రయోజనం లేదు.

ఐర్లండ్‌లో డబ్లిన్‌కు దక్షిణంగా సముద్రం ఒడ్డున గ్రేస్టోన్స్ అనే చిన్న పట్నం ఉంది. అక్కడి ప్రాథమిక బడి ప్రధానోపాధ్యాయురాలు రేచెల్ హార్పర్, కోవిడ్ తర్వాత పిల్లల్లో ఆందోళన పెరగడం చూసి ఊళ్లో మిగతా బడులనూ కలుపుకుని 'ఇట్ టేక్స్ ఎ విలేజ్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అందులోంచి 2023 మే నెలలో ఎనిమిది ప్రాథమిక బడుల తల్లిదండ్రుల సంఘాలు ఒక ఒప్పందానికి వచ్చాయి: సెకండరీ స్కూలుకు వెళ్లేదాకా, అంటే సుమారు పన్నెండేళ్ల దాకా, పిల్లలకు స్మార్ట్‌ఫోన్ కొనం. బడిలోనే కాదు, ఇంట్లో కూడా. చట్టం లేదు, జరిమానా లేదు, చేరడం చేరకపోవడం ఎవరిష్టం వాళ్లది. "ఊళ్లో ఎవరికీ లేదు" అని తల్లి నిజాయితీగా చెప్పగలిగే పరిస్థితి మాత్రం వచ్చింది.

అమెరికాలో 'వెయిట్ అంటిల్ ఎయిత్' వాళ్లు ఇంకో కిటుకు పెట్టారు. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో 2017లో మొదలైన ప్రతిజ్ఞ అది. ఎనిమిదో తరగతి దాకా ఆగుతామని సంతకం పెట్టినంత మాత్రాన అది అమల్లోకి రాదు. అదే బడిలో అదే తరగతిలో పది కుటుంబాలు పెడితేనే వస్తుంది. టెక్సస్ నిండా ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ పద్ధతి గుమ్మం ముందే ఉంది. మన దగ్గరి అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకూ పనికొస్తుంది. లిఫ్టు రిపేరుకు చందా పోగుచేయగలిగినవాళ్లు పదిళ్లను ఇందుకు ఒప్పించలేరా?

బడి ఒక్కటే నిషేధిస్తే సరిపోదా అని అడిగేవాళ్లకు ఇంగ్లండ్ నుంచి ఒక జవాబుంది. బర్మింగ్‌హామ్ పరిశోధకులు 30 బడుల్లో 1,227 మంది పిల్లలను పోల్చి 2025లో ఫలితం చెప్పారు. ఫోన్ కట్టడి చేసిన బడుల పిల్లలకూ చేయని బడుల పిల్లలకూ మానసిక క్షేమంలో తేడా లేదు. రోజు మొత్తం మీద ఫోన్ మీద గడిపే సమయంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. బడిలో ఆపింది సాయంత్రం ఇంట్లో కొనసాగుతోందన్నమాట.

మన ఇంట్లో ఫోన్ ఎవరిది?

ఈ పరిశోధనల్లో చాలావాటిలో ఫోన్ పిల్లవాడి సొంతం. పుట్టినరోజుకో పండక్కో డబ్బా విప్పి ఇస్తారు. మన ఇళ్లల్లో చాలావరకు అలా జరగదు. 2020లో బడులు మూసి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు మొదలయ్యాక, హోంవర్కు మాత్రం వాట్సాప్‌లో వచ్చింది. అలా అమ్మ ఫోనే పిల్లల ఫోనయింది. మూల పగిలిన అద్దం, నిండిపోయిన మెమరీ, యూట్యూబ్ తెరిస్తే వంటల వీడియో పక్కనే కార్టూన్. 2024 నాటి అసర్ విద్యా సర్వేలో గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అంతకుముందు వారంలో చదువు పనికి వాడినవాళ్లు 57 మంది, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 మంది.

ఇంటందరిదీ ఒకటే ఫోన్ అయితే మంచే ఎక్కువని నా లెక్క. అది జేబులో ఉండదు, బడికి రాదు, నాన్నకు ఫోన్ వస్తే ఇచ్చెయ్యాలి. చెడు ఒకచోట ఉంది. పన్నెండేళ్ల పిల్ల నాన్న ఖాతాలో చూస్తుంటే యాప్‌కు కనబడేది నలభై ఏళ్ల మగమనిషి. పిల్లల కదలికలను వెంటాడకూడదని, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపించకూడదని 2023 నాటి మన చట్టం చెబుతోంది. పిల్ల అని తెలియని చోట ఆ రక్షణ ఎక్కడ పనిచేస్తుంది? అదే ఫోన్‌లో పిల్లకు వేరే ఖాతా తెరిచి పెట్టడం పది నిమిషాల పని.

ఆలస్యం గురించి మాట్లాడేటప్పుడు మన దగ్గర ఇంకో మెలిక ఉంది. 2023 అసర్ సర్వేలో ఫోన్ వాడటం తెలిసిన 14 నుంచి 18 ఏళ్ల మగపిల్లల్లో సొంత ఫోన్ ఉన్నవాళ్లు నూటికి 43.7 మంది, ఆడపిల్లల్లో 19.8 మంది. ఇది ఎవరూ ఆలోచించి చేసిన ఆలస్యం కాదు. అన్నయ్యకు పదో తరగతిలోనే బండీ ఫోనూ, చెల్లెలికి పెళ్లి కుదిరేదాకా బటన్ ఫోను. ఎవరితో మాట్లాడుతుందో అన్న అనుమానానికి శాస్త్రం పేరు తొడగడం నాకు సమ్మతం కాదు. పద్నాలుగో పదహారో, ఎంత పెట్టుకున్నా ఇద్దరికీ ఒకటే పెట్టాలి.

ఇక మూడో వయసు. ఓర్బెన్ బృందానికి ఆడ, మగ ఇద్దరిలోనూ 19 ఏళ్ల దగ్గర మళ్లీ అదే ప్రభావం కనబడింది. ఇల్లు వదిలి చదువుకో ఉద్యోగానికో వెళ్లే మలుపు కావడం వల్ల కావచ్చని వాళ్ల ఊహ. మన ఇంటర్ హాస్టళ్లను దీని పక్కన పెట్టి చూడండి. అక్కడ రెండేళ్లు ఫోన్ కంటికి కనబడదు, ఆదివారం వార్డెన్ ఫోన్‌లో అమ్మతో ఐదు నిమిషాలు. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక బీటెక్‌లో చేర్చేటప్పుడు మంచి టచ్ ఫోన్ కొనిచ్చి, ఊరు కాని ఊళ్లో దించి వస్తాం. అంతవరకూ ఫోన్ పక్కన పెట్టి నిద్రపోవడం ఒక్కరోజు కూడా అలవాటు చేసుకోని పిల్లలు, అడిగేవాళ్లెవరూ లేని గదిలో, అపరిమిత డేటాతో. గురుకులాల నుంచి వచ్చే పిల్లల పరిస్థితీ ఇంతే. వీళ్లకు సొంత ఫోన్ ఇవ్వవలసింది చేరిన రోజున కాదు. పదో తరగతి సెలవుల్లోనో, ఇంటర్ పరీక్షలకూ కాలేజీ తెరవడానికీ మధ్య ఇంట్లో ఉన్న ఆ రెండు మూడు నెలల్లోనో, రాత్రి పూట ఫోన్ పడకగది బయట, హాల్లో చార్జింగుకు పెట్టడం అలవాటు చేయగలిగినప్పుడే ఇవ్వాలి.